పెడల్‌బోర్డు మొరాయిస్తే ముందు చూడాల్సినవి

గుంటూరు నుంచి బెజవాడ ప్రోగ్రామ్‌కి బైక్ మీద వెళ్లే గిటారిస్టుకి, ముక్కలుగా విప్పి స్టేజీ మీద బిగించుకునే మాడ్యులర్ బోర్డు బాగా అనుకూలం. బోర్డంటే గిటార్ సౌండ్‌ని మార్చే, కాలితో నొక్కే పెడల్స్‌ని వరసగా బిగించే పలక. తేడా వస్తే మాత్రం అందరూ ముందు పెడల్‌నే తిడతారు. గిటార్‌ని నేరుగా యాంప్‌కి పెట్టి చూడండి. అప్పుడూ తేడా ఉంటే బోర్డు జోలికి పోనక్కర్లేదు. లేకపోతే ఒక్కో పెడల్ కలుపుతూ రండి.

సౌండ్ వచ్చి పోతోంది

చాలావరకు ప్యాచ్ కేబులే, అంటే ఒక పెడల్‌ని ఇంకోదానికి కలిపే పొట్టి వైరు. వాల్యూమ్ తగ్గించి, ఒక్కో ప్లగ్‌ని వేలితో మెల్లగా కదపండి. టపటపమన్న చోటే తప్పు. మాడ్యులర్ బోర్డులో అది తరచూ రెండు ముక్కలు కలిసే దగ్గరే ఉంటుంది. కేబుల్ తీయకుండా బోర్డు విప్పితే వైరు ప్రతిసారీ అక్కడే లాక్కుపోయి, ప్లగ్ లోపల సోల్డరింగ్ వదులుతుంది. మూత తిప్పి తీసే ప్లగ్ అయితే మళ్లీ సోల్డర్ చేయించండి. మూసేసిన ప్లగ్ అయితే కేబుల్ మార్చడమే. అతుకు దగ్గర కాస్త పొడవు కేబుల్ వేసి, వదులుగా ఉంచండి. బోర్డు విప్పే ముందు దాన్ని పీకేయండి. జాక్ లోపల నలుపెక్కితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్లగ్‌ని నాలుగైదుసార్లు దూర్చి తీస్తే చాలు.

గుయ్యిమని మోత, సన్నటి కీచు

గిటార్‌తో పక్కకి తిరిగితే మోత తగ్గుతోందా? అది సింగిల్ కాయిల్ పికప్ (తీగల కంపనాన్ని పట్టే, ఒకే తీగచుట్ట ఉన్న భాగం) పట్టుకుంటున్న 50 హెర్ట్జ్ కరెంటు మోత. కళ్యాణ మండపంలో లైటింగ్ డిమ్మర్లకి దూరంగా నిలబడండి, సౌండ్‌కి వేరే లైన్ అడగండి. కీచు అయితే, ఒకే అడాప్టర్ నుంచి డైసీ చైన్‌తో (చాలా ప్లగ్‌లున్న ఒకే వైరుతో) డిజిటల్ పెడల్‌కీ, సౌండ్‌ని గరుకుగా చేసే ఓవర్‌డ్రైవ్‌కీ పవర్ ఇచ్చారేమో చూడండి. ఒక్కో పెడల్‌కి విడివిడిగా పవర్ ఇచ్చే ఐసోలేటెడ్ పవర్ సప్లై దీనికి సరైన మందు. మోత తగ్గుతుందని ఎర్త్ పిన్ మాత్రం తీసేయకండి. మైక్‌కి పెదవి తగిలితే షాక్ కొట్టొచ్చు, ప్రాణం మీదకి రావచ్చు.

డిలే వెలిగి ఆరిపోతోంది

డిలే అంటే సౌండ్‌ని ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించే పెడల్. దానికి మిల్లీయాంప్‌లు, అంటే పవర్ సప్లై ఇచ్చే కరెంటు, చాలడం లేదు. మామూలు ఓవర్‌డ్రైవ్‌కి 20 లోపు చాలు, డిజిటల్ డిలేకి 300 కూడా కావాల్సి రావచ్చు. పెడల్ మీద రాసిన వోల్టేజీ, పోలారిటీ (ప్లగ్‌లో ప్లస్, మైనస్ ఎటున్నాయో) అడాప్టర్‌తో కచ్చితంగా కలవాలి. అడాప్టర్ మీద మిల్లీయాంప్‌లు ఎక్కువున్నా ఇబ్బంది లేదు. చాలా పెడల్స్‌కి 9 వోల్టుల డీసీ, ప్లగ్ మధ్యలో నెగటివ్.

పెడల్ ఊడి వస్తోంది

మే నెలలో కారులో వదిలేస్తే వెల్క్రో జిగురు కరిగి జారుతుంది. పాత జిగురు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది అంటించి, రాత్రంతా కదపకుండా ఉంచండి.