పెద్దాపరేషన్ చుట్టూ ఉన్న అపోహలు: కాన్పుకు ముందు, తర్వాత ఏం చేయాలి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. దేశం మొత్తమ్మీద అది 21.5 శాతం. కాబట్టి నార్మల్ కావాలనుకునేవాళ్లు కూడా ఈ ఆపరేషన్ గురించి తెలుసుకుని ఉండాల్సిందే. దీని మీద ఉన్న అపోహల్లో కొన్ని అక్కర్లేని కోత దాకా తీసుకెళ్తాయి, కొన్ని కోత అయ్యాక కోలుకోనివ్వవు. రెండో రకాన్ని కాదనడమే కష్టం, ఎందుకంటే వాటిని చెప్పేది మన మంచి కోరే అమ్మో అత్తగారో.

ముందుగా ముహూర్తం సంగతి. తొమ్మిదో నెల వచ్చేసింది, ఎప్పుడు తీసినా ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. తల్లికీ బిడ్డకీ ప్రమాదం లేనప్పుడు, ముందే తేదీ పెట్టుకుని చేసే సిజేరియన్ 39 వారాలు నిండాకే చేయించుకోవాలి. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల నిండా నీరుంటుంది. నొప్పులు మొదలైతే అది ఇంకిపోతూ వస్తుంది. నొప్పులు లేకుండా 37వ వారంలోనే తీసిన పిల్లల్లో ఆయాసం ఎక్కువగా కనబడేది అందుకే. వారాల లెక్కకు మొదటి మూడు నెలల్లో తీసిన స్కానే ఆధారం. ఆఖరి నెల స్కాన్‌లో వచ్చే తేదీ రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. ముహూర్తం చూపించుకోవాలనే ఉంటే, డాక్టరు ఇచ్చిన తేదీల్లోంచే, అదీ పగటిపూటే చూడమని పంతులుగారికి చెప్పండి. తెల్లవారుజాము మూడింటికి మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం అన్నీ సిద్ధంగా దొరికే ఆసుపత్రులు తక్కువ.

మెడకు పేగు చుట్టుకుందని స్కాన్‌లో రాగానే ఆపరేషనే గతి అనుకుంటారు. సుమారు నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో అలా ఉంటుంది. గుండె చప్పుడు బాగున్నంతవరకూ అదొక్కటే కోతకు కారణం కాదు. మేనమామ గండం, శాంతి అంటారా, అది పుట్టాక చూసుకునే వ్యవహారం. బిడ్డ బరువు ఎక్కువన్న మాటను కూడా కాస్త ఆలోచించి తీసుకోవాలి: స్కాన్‌లో చెప్పే బరువు 10–15 శాతం వరకు తప్పొచ్చు. ఇలాంటప్పుడు డాక్టరును ఈ మూడూ అడగండి: కారణం ఏంటి, ఇప్పుడే చేయాలా, ఆగితే ఏమవుతుంది? కానీ మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డంగా ఉన్నా, నొప్పులొచ్చినా బిడ్డ అడ్డంగానే ఉన్నా, గుండె చప్పుడు పడిపోతున్నా, బొడ్డుతాడు ముందు జారినా తర్జనభర్జనలకు టైం లేదు. ఖర్చుకు భయపడేవాళ్లకు ఒక మాట: 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్, మందులు, రక్తం, భోజనం అన్నీ ఉచితం.

వెన్నులో ఇచ్చే సూది వల్ల జీవితాంతం నడుం నొప్పి వస్తుందనేది నిజం కాదు. సన్నని ఆ సూదిని వెన్నుపాము ముగిసే చోటికి దిగువన ఇస్తారు. గుచ్చిన చోట కొన్నాళ్లు సలపొచ్చు. కొద్దిమందికి తలనొప్పి వస్తుంది. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పయితే వెంటనే చెప్పండి, దానికి చికిత్స ఉంది. నెలల తరబడి ఉండే నడుం నొప్పికి సాధారణంగా కారణం గర్భంలో వదులైన కీళ్లు, వంగి కూర్చుని పాలివ్వడం.

మంచం దిగకూడదన్న సలహా అన్నిటికంటే హాని చేస్తుంది. కదలకుండా పడుకుంటే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టొచ్చు, కడుపులో గ్యాస్ కదలదు. మత్తు పూర్తిగా వదిలాక, వీలైతే అదే రోజు, ఒకరి సాయంతో నాలుగడుగులు వేయాలి. లేచేటప్పుడు వెల్లకిలా నుంచి నేరుగా లేవకండి. మోకాళ్లు మడిచి, ఒళ్లంతా ఒక్కసారిగా పక్కకు తిప్పండి. కాళ్లు మంచం కిందికి జార్చి, మోచేత్తో, అరచేత్తో నొక్కుతూ పైకి లేవండి. కూర్చున్నాక ఒక నిమిషం ఆగి, తల తిరగకపోతే నిలబడండి. నడిచేటప్పుడు కుట్లు తెగుతాయని వంగిపోవద్దు. దగ్గు, తుమ్ము వస్తే కుట్ల మీద చిన్న దిండు అదిమి పట్టుకోండి. ఆరు వారాల దాకా బిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తొద్దు. నిండు బిందె సంగతి చెప్పక్కర్లేదు. బెల్టు కట్టుకుంటే నడవడం సుఖంగా ఉంటుందేమో గానీ పొట్ట తగ్గదు.

ఇక పథ్యం. నీళ్లు తాగితే పొట్ట వస్తుందని, పప్పు తింటే కుట్లకు చీము పడుతుందని బాలింతకు కారప్పొడి అన్నంతో సరిపెడతారు. చీము పట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి: పప్పు, గుడ్డు, పెరుగు, అలవాటుంటే చేప, మాంసం. నీళ్లు తగ్గిస్తే విరేచనం గట్టిపడుతుంది, ముక్కితే కుట్లు లాగుతాయి. ఆకుకూరలు, పండ్లు పెట్టండి, దాహం తీరా నీళ్లు తాగనివ్వండి. ఐరన్, కాల్షియం మాత్రలు ఆపకండి, రెండూ ఒకేసారి మాత్రం వేసుకోవద్దు. సాంబ్రాణి పొగ బిడ్డ ఉన్న గదిలో వద్దు.

ఆపరేషన్ అయితే పాలు పడవంటారు. ముర్రుపాలు అప్పటికే రొమ్ములో ఉంటాయి. మాయ బయటికి వచ్చిందంటే పాల ఉత్పత్తికి దారి తెరుచుకున్నట్టే, అది కోతతో వచ్చినా సరే. తల్లీబిడ్డా బాగుంటే మొదటి గంటలోనే బిడ్డను రొమ్ముకు పట్టించండి, తర్వాత రోజుకు 8–12 సార్లు. కుట్ల మీద బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకుని పట్టొచ్చు, లేదా బిడ్డ కాళ్లు వెనక్కి వచ్చేలా చంక కింద పెట్టుకుని పట్టొచ్చు. కాన్పయ్యాక ఆసుపత్రిలో మామూలుగా ఇచ్చే నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్ కోసం పాలు ఆపక్కర్లేదు.

డాక్టరు సరే అన్నాక స్నానం చేసి, గాయాన్ని రుద్దకుండా మెత్తని బట్టతో అద్ది ఆరబెట్టండి. పసుపు, పౌడరు, నూనె ఏదీ పూయొద్దు. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కుట్లు ఎర్రబడి చీము కారినా, ఒక పిక్క వాచి నొప్పెడుతున్నా, ఆయాసం వచ్చినా, చూపు మసకబారేంత తలనొప్పి ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మొదటిది ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనే అన్నది కూడా తప్పే. గర్భసంచి కింది భాగంలో ఒక్కసారే అడ్డకోత పడినవాళ్లలో, సరిగ్గా ఎంచుకుని ప్రయత్నిస్తే నూటికి 60 నుంచి 80 మందికి నార్మల్ అవుతుంది. పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం దాదాపు 200 మందిలో ఒకరికి ఉంటుంది; అందుకే అవసరమైన వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రిలోనే ప్రయత్నించాలి, కాన్పుకూ కాన్పుకూ మధ్య కనీసం 18 నెలలుండాలి. బయట చర్మం మీద గీత అడ్డంగా ఉన్నా లోపల కోత నిలువుగా ఉండొచ్చు, అది చూసి తెలుసుకునేది కాదు. డిశ్చార్జి రోజే సమ్మరీలో లోపలి కోత ఎలా పెట్టారో, ఆపరేషన్ ఎందుకు చేశారో రాయించుకుని, ఫోనులో ఫోటో కూడా తీసి పెట్టుకోండి.