ఇంగ్లండ్‌లో ఇంటికి హీట్ పంప్ పెట్టించుకోవడం ఎలా? అనుమతులు, గ్రాంటు, ఎదురయ్యే చిక్కులు

హీట్ పంప్ మనకు తెలియని వస్తువేమీ కాదు. విజయవాడలో గోడకు వేలాడే ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ను తిరగేసి నడిపితే అదే: బయటి చలిగాలిలోంచి వేడిని లాగి, ఇంట్లో రేడియేటర్ల నీటికి అందిస్తుంది. చాలామందికి ఇది గ్యాస్ బాయిలర్ మొరాయించిన రోజునే గుర్తొస్తుంది. అప్పటికే ఆలస్యం. సర్వేకూ గ్రాంటు వోచర్‌కూ కరెంటు లైను పనులకూ కలిపి వారాలు పడుతుంది, జనవరి చలి అన్నాళ్లు ఆగదు. బాయిలర్ ముసలిదైందనిపించినప్పుడే, అది ఇంకా నడుస్తుండగానే మొదలుపెట్టండి.

రెండో పొరపాటు గ్రాంటుతో మొదలుపెట్టడం. బయటి పెట్టె ఎక్కడ పెడతారన్నది ముందు తేల్చుకోవాలి. ప్లానింగ్ అనుమతి కావాలో వద్దో, పక్కింటివాళ్లతో పేచీ వస్తుందో రాదో చాలావరకు ఆ ఒక్క చోటు మీదే ఆధారపడి ఉంటుంది.

1. చోటు చూసుకోండి

ఇంగ్లండ్‌లో చాలా ఇళ్లకు ప్లానింగ్ దరఖాస్తు అక్కర్లేదు. షరతులకు లోబడితే 'పర్మిటెడ్ డెవలప్‌మెంట్' కింద నేరుగా పెట్టించుకోవచ్చు. 2025 మే 29న ఈ షరతులు సడలించారు. అంతకుముందు పెట్టె సరిహద్దు నుంచి మీటరు దూరంలో ఉండాలనేవారు, ఇప్పుడు ఆ మాట లేదు. ఇంటికైతే పెట్టె పరిమాణం 0.6 ఘనపు మీటర్ల నుంచి 1.5కి పెంచారు. డిటాచ్డ్ (ఏ పక్కా మరో ఇల్లు ఆనని) ఇంటికి రెండు యూనిట్లు పెట్టుకోవచ్చు. ఒక గోడ పంచుకునే సెమీ, వరసగా ఆనుకుని ఉండే టెర్రస్ ఇళ్లకు ఒక్కటే. నెట్‌లో ఇప్పటికీ పాత మీటరు నియమం తిరుగుతూనే ఉంది, దాన్ని చూసి వెనకడుగు వేయకండి.

మారని నియమాలూ ఉన్నాయి. వాలు కప్పు మీద పెట్టకూడదు. చదును కప్పు మీదైతే అంచుకు కనీసం మీటరు లోపలికి ఉండాలి. రోడ్డు వైపు గోడకైతే గ్రౌండ్ ఫ్లోర్ ఎత్తు దాటకూడదు. కన్జర్వేషన్ ఏరియాలో, అంటే పాత రూపురేఖలు కాపాడే ప్రాంతంలో, రోడ్డు వైపు గోడకు అసలు బిగించకూడదు, ఇంటికంటే రోడ్డుకు దగ్గరగానూ పెట్టకూడదు. లిస్టెడ్ బిల్డింగ్ (వారసత్వ కట్టడంగా నమోదైన ఇల్లు) అయితే మాత్రం పూర్తి దరఖాస్తు తప్పదు.

ప్లానింగ్‌తో సంబంధం లేని అడ్డంకి మరొకటి ఉంది. కొత్త ఎస్టేట్లలో కొన్న ఇళ్ల టైటిల్ పత్రాల్లో బిల్డర్ పెట్టిన నిబంధనలు ఉండొచ్చు. లీజ్‌హోల్డ్ (దీర్ఘకాల లీజు) ఇల్లయితే ఫ్రీహోల్డర్, అంటే స్థలం అసలు యజమాని, అనుమతి కావాల్సి రావచ్చు. కౌన్సిల్ వద్దనకపోయినా వీళ్లు వద్దనగలరు. ప్లానింగ్ విషయంలో సందేహంగా ఉంటే కౌన్సిల్ నుంచి 'లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్' (దరఖాస్తు అక్కర్లేదన్న ధ్రువపత్రం) తీసుకోండి. ఫీజు మామూలు దరఖాస్తులో సగమే, ఇల్లు అమ్మేటప్పుడు అక్కరకొస్తుంది.

2. శబ్దం లెక్క వేయించండి

పర్మిటెడ్ డెవలప్‌మెంట్ వర్తించాలంటే ఎంసీఎస్ (ఇలాంటి పరికరాలకూ ఇన్‌స్టాలర్లకూ ధ్రువీకరణ ఇచ్చే బ్రిటన్ పథకం) శబ్ద ప్రమాణం దాటకూడదు. పక్కింటి గది కిటికీకి మీటరు ఎదురుగా పంపు శబ్దం ఎంత వినిపిస్తుందో లెక్కగట్టాలి. ఇప్పటి పరిమితి 37 డెసిబెల్స్. పాత పత్రాల్లో 42 అని కనిపిస్తుంది. అది పరిసరాల శబ్దాన్ని కూడా కలిపిన అంకె.

ఒక ఉదాహరణ. యూనిట్ 'సౌండ్ పవర్' (అది పుట్టించే మొత్తం శబ్దం) 58 డెసిబెల్స్ అనుకుందాం. ఒక గోడకు ఆనించి పెడితే 4 మీటర్ల దూరంలో అది దాదాపు 41 అవుతుంది, అంటే పరిమితి దాటినట్టే. దూరం రెట్టింపు చేస్తే 6 తగ్గి 35కు దిగుతుంది. అదే యూనిట్‌ను రెండు గోడల మూలలో ఇరికిస్తే, శబ్దం తిరిగి కొట్టి 3 పెరుగుతుంది. కనపడకుండా మూలకు తోసేద్దామన్న ఆలోచన ఇక్కడే దెబ్బతింటుంది. కిటికీకీ యూనిట్‌కూ మధ్య గట్టి గోడ అడ్డముంటే లెక్కలో 10 దాకా తగ్గింపు దొరుకుతుంది.

బ్రోషర్‌లో పెద్ద అక్షరాల్లో ఉండేది తరచు 'సౌండ్ ప్రెషర్'. అది కొంత దూరంలో కొలిచిన చిన్న అంకె, దాన్ని లెక్కలో వాడకూడదు.

3. గది గదికీ వేడి నష్టం కొలిపించండి

సర్వేయర్ టేపు పట్టుకుని ప్రతి గదీ తిరగాలి. ఫోన్‌లో చదరపు అడుగులు అడిగి కొటేషన్ ఇచ్చేవాళ్లను వదిలేయండి. రేడియేటర్ కేటలాగులో 1500 వాట్లు అని ఉంటే, అది నీరు సగటున 70 డిగ్రీలు, గది 20 డిగ్రీలు ఉన్నప్పటి మాట. హీట్ పంప్ 45 డిగ్రీల నీరు పంపితే అదే రేడియేటర్ ఇచ్చేది దాదాపు 500 వాట్లు. అందుకే కొన్ని రేడియేటర్లు పెద్దవి వేయాల్సొస్తుంది. వాటిని మార్చకుండా నీటి ఉష్ణోగ్రత పెంచి సర్దుకుంటే ఇల్లు వెచ్చబడుతుంది, బిల్లు మాత్రం మండుతుంది. 8, 10 మిల్లీమీటర్ల సన్నపు మైక్రోబోర్ పైపులుంటే ముందే చెప్పండి, వాటిలో చాలినంత నీరు పారకపోవచ్చు.

కాంబీ బాయిలర్ ఇళ్లలో వేడినీళ్ల సిలిండర్ ఉండదు, ఇప్పుడు దానికి చోటు కావాలి. పాత సిలిండర్ అల్మరా కొన్ని ఇళ్లలో పూజగది అయిపోయి ఉంటుంది, దేవుళ్లకు వేరే ఏర్పాటు చూడాలి. నలుగురికి 200 నుంచి 250 లీటర్ల సిలిండర్ సాధారణం. అమ్మానాన్నలు ఆరు నెలలకొకసారి వచ్చి ఉంటారనుకుంటే, వాళ్లనూ కలిపే లెక్క చెప్పండి.

4. కరెంటు లైను

ఇన్‌స్టాలర్ ఫారం నింపి స్థానిక విద్యుత్ పంపిణీ సంస్థకు తెలియజేయాలి. కొన్నిచోట్ల ముందే అనుమతి తీసుకోవాలి. మీటరు పక్కనున్న మెయిన్ ఫ్యూజు 60 ఆంపియర్లదైతే పెంచాల్సి రావచ్చు. పాత సెమీ, టెర్రస్ ఇళ్లలో ఒకే సర్వీస్ కేబుల్ రెండిళ్లకు పంచి ఉంటుంది. దాన్ని విడదీయాలంటే పక్కింటివాళ్ల వైపూ తవ్వాలి. పనంతా సిద్ధమయ్యాక నెలల తరబడి ఆగిపోయేది ఇలాంటి చోటే, కాబట్టి సర్వే రోజునే మీటరు పెట్టె ఫొటోలు ఇచ్చేయండి.

5. గ్రాంటు

ఇంగ్లండ్, వేల్స్‌లలో 'బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్' 2022లో మొదలైంది. 2023 అక్టోబరు నుంచి ఎయిర్ సోర్స్ (గాలి నుంచి వేడి లాగే) పంపుకు 7,500 పౌండ్లు ఇస్తున్నారు. గ్యాస్, ఆయిల్ లేదా నేరుగా కరెంటుతో వేడిచేసే హీటింగ్‌ను తీసేసి, ఇంటి మొత్తం వేడికీ నీళ్లకూ కొత్త పంపే సరిపోవాలి. బాయిలర్‌ను ఉంచి పంపు కలిపే హైబ్రిడ్‌కు ఇవ్వరు. ఇల్లు అద్దెకిచ్చిన యజమానులకూ వర్తిస్తుంది.

దరఖాస్తు మీరు చేయరు, ఎంసీఎస్ ధ్రువీకరణ ఉన్న ఇన్‌స్టాలర్ చేస్తాడు. తర్వాత పథకాన్ని నడిపే ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ నుంచి మీకు మెయిల్ వస్తుంది, 14 రోజుల్లో సమ్మతి తెలపాలి. అది స్పామ్‌లో పడి గడువు దాటడం మామూలు, రోజూ చూసుకోండి. వోచర్ మూడు నెలలు చెల్లుతుంది. డబ్బు మీ ఖాతాలోకి రాదు, బిల్లులో తగ్గుతుంది. కొటేషన్ 13,000 పౌండ్లయితే మీరు కట్టేది 5,500. దానిలో వ్యాట్ వేశారేమో చూడండి, 2027 మార్చి 31 దాకా ఈ పనికి వ్యాట్ సున్నా. వోచర్ వచ్చేదాకా పాత బాయిలర్ ఊడదీయించకండి. అది రాకపోతే అడ్వాన్సు వెనక్కిస్తామని ఒప్పందంలో రాయించుకోండి.

ఈపీసీలో (ఇంటి ఇంధన సామర్థ్య పత్రంలో) లాఫ్ట్, అంటే అటక, ఇన్సులేషన్ సిఫార్సు ఉంటే గ్రాంటు రాదన్న షరతు 2024 మేలో పోయింది. అయినా లాఫ్ట్‌లో 270 మిల్లీమీటర్ల మందం లేకపోతే ముందు అది పరిపించండి, పంపు చిన్నదైనా సరిపోతుంది.

స్కాట్లాండ్‌లో పథకం వేరు: 'హోమ్ ఎనర్జీ స్కాట్లాండ్' 7,500 పౌండ్ల గ్రాంటు, మరో 7,500 దాకా వడ్డీలేని రుణం ఇస్తుంది. అక్కడ దరఖాస్తు ఇంటివారే చేయాలి, ఆఫర్ లెటర్ రాకముందు పని మొదలైతే పైసా రాదు. వేల్స్, స్కాట్లాండ్ ప్లానింగ్ షరతులూ వేరు.

బిగించే రోజు

చలిలో యూనిట్ మీద పేరుకునే మంచు కరిగి రోజూ లీటర్ల కొద్దీ నీరు కారుతుంది. దాన్ని గులకరాళ్ల గుంటలోకి పోనివ్వాలి. నడిచే దారిలోకి వదిలితే తెల్లారేసరికి గడ్డకట్టి కాళ్లు జారతాయి. వేడిని మోసే ద్రవంగా ఆర్290 వాడే పంపుల్లో ఉన్నది ప్రొపేన్, అంటే మండే గ్యాసు. తయారీదారు చెప్పిన దూరం లోపల కిటికీ, తలుపు, డ్రెయిన్ ఉండకూడదు. సరిహద్దు నియమం పోయింది కదా అని ఈ దూరం మరచిపోతే, యూనిట్ మళ్లీ పీకాల్సొస్తుంది.

వాళ్లు వెళ్లేలోపు నాలుగు కాగితాలు చేతికి తీసుకోండి: ఎంసీఎస్ సర్టిఫికెట్, శబ్దం లెక్క, బిల్డింగ్ రెగ్యులేషన్స్ ధ్రువపత్రం, విద్యుత్ సంస్థకు పంపిన ఫారం నకలు. కొన్నాళ్లకు ఇల్లు అమ్ముతుంటే కొనేవాళ్ల సాలిసిటర్ (లాయరు) అడిగేవి ఇవే.