చేలల్లోని వందల సెన్సార్లకు ఒకేసారి కొత్త ఫర్మ్‌వేర్ పంపడం ఎలా?

నర్సంపేట, పరకాల వైపు పత్తి, మిర్చి చేలల్లో 500 తేమ సెన్సార్లు, ఊరి వాటర్ ట్యాంకు మీద ఒక లోరావాన్ గేట్‌వే (తక్కువ కరెంటుతో దూరాలకు చిన్న సందేశాలు పంపే రేడియో నెట్‌వర్క్‌కు కేంద్ర పెట్టె) ఉన్నాయనుకోండి. 100 కేబీ ఫర్మ్‌వేర్‌ను, అంటే సెన్సారును నడిపే సాఫ్ట్‌వేర్‌ను, 200 బైట్ల చొప్పున విడగొడితే 512 ముక్కలు. మామూలుగా వాడే వేగాల్లో ఎక్కువదైన ఎస్‌ఎఫ్7లోనూ (ఎస్‌ఎఫ్ అంటే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్; అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ దూరం పోతుంది, వేగం తగ్గుతుంది) ముక్కకు సుమారు 0.35 సెకను, అంటే సెన్సారుకు 3 నిమిషాలు. ఒక్కొక్కదానికీ విడిగా పంపితే 25 గంటలు. పంపుతున్నంతసేపు గేట్‌వేకు వినపడదు, రీడింగులన్నీ గాల్లో కలుస్తాయి. కాబట్టి మల్టీకాస్టే దారి, అంటే ఒక్కసారి పంపితే గ్రూపులోని సెన్సార్లన్నీ వినడం.

ముందు ఫైలు తగ్గించండి. పాత, కొత్త వెర్షన్ల తేడా మాత్రమే ఉండే డెల్టా ప్యాచ్ చేయండి. గ్రూపులో అన్నిటికీ ఒకే పాత వెర్షన్ లేకపోతే ప్యాచ్ అతకదు. ఫైలు మీరు పంపిందేనని రుజువు చేసే డిజిటల్ సంతకం తప్పనిసరి: గ్రూపు సందేశాలను విప్పే రహస్య కోడ్, అంటే గ్రూపు కీ, అన్ని సెన్సార్లలోనూ ఉంటుంది, ఒక్కటి దొంగచేతికి చిక్కినా నకిలీ ఫైలు పంపొచ్చు.

గ్రూపులను మోడల్‌నీ సిగ్నల్‌నీ చూసి విడదీయండి. దూరంగా ఉన్న నాలుగు సెన్సార్ల కోసం గ్రూపు మొత్తాన్ని ఎస్‌ఎఫ్12కు దించితే కొంప మునుగుతుంది. అక్కడ ప్యాకెట్‌లో 51 బైట్లే పడతాయి, దానికే 2.8 సెకన్లు, అదే 100 కేబీ ఫైలుకు గంటన్నరకు పైనే పడుతుంది. ఆ నాలుగింటి దగ్గరికి మనిషిని పంపి కేబుల్‌తో ఎక్కించడమే నయం. ఇంకొకటి, వానాకాలంలో పత్తి ఏపుగా పెరిగాక తడి ఆకులు సిగ్నల్‌ను మింగేస్తాయి. ఎండాకాలంలో కొలిచిన లెక్క అప్పుడు పనికిరాదు.

గ్రూపు కీ, మొదలయ్యే సమయం మాత్రం ఒక్కో సెన్సారుకు విడిగా పంపి జవాబు తీసుకోవాలి. సెన్సార్ల గడియారాలు సరిచేయకపోతే కొన్ని ముక్కలు పోయాకే అవి నిద్రలేస్తాయి. పంపిణీ అయ్యేదాకా రేడియో తెరిచే ఉంటుంది కాబట్టి బ్యాటరీ తగ్గినవాటిని పక్కన పెట్టండి.

పూర్తి ఫైలే పంపుతుంటే 512కు తోడు 15 శాతం, అంటే 77 ముక్కలు అదనంగా పంపండి. ఇవి నకళ్లు కావు, కొన్ని ముక్కలను ఎక్సార్‌తో (బిట్లను పోల్చి కలిపే లెక్కతో) కలిపినవి. నూటికి పది పోయినా సెన్సారే లెక్కగట్టి పూడ్చుకుంటుంది. రెండు సెకన్లకో ముక్క పంపితే ఫ్లాష్ మెమరీలో రాసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. మొత్తం 20 నిమిషాల్లో పని తెగుతుంది.

అందిందో లేదో అన్నిటినీ ఒకేసారి అడిగితే జవాబులు ఢీకొంటాయి. 15 నిమిషాల్లో ఎప్పుడో ఒకప్పుడు చెప్పమనండి.

కొత్త ఫర్మ్‌వేర్ రెండో స్లాట్‌లోకే, అంటే పాతది చెరగకుండా మెమరీలో వేరే చోటికే, పోవాలి. సంతకం సరిపోయాకే అది నడవాలి, నెట్‌వర్క్‌లో చేరలేకపోతే వాచ్‌డాగ్ (పని ఆగితే సెన్సారును రీసెట్ చేసే కాపలా టైమర్) పాతదానికి తిప్పాలి. ముందు 5 సెన్సార్లు, రెండు రోజులు చూసి 50, ఆ తర్వాతే మిగతావి. ఆ అయిదింటిలో ఒకటి గేట్‌వేకు దూరపు చేనులోదై ఉండాలి.