బేస్ గిటార్ సొంతంగా – 7వ పాఠం: క్యాబ్ వెనక ఉన్న రెండో రంధ్రం

ఈ వారం ఆంప్ మీద సౌండ్ సరిచేసే గెయిన్, ఈక్యూ మొదలుపెడదాం అనుకున్నాను. కుదరదు. పోయిన పాఠం చివర్లో "డబ్బులుంటే రెండో క్యాబ్ తగిలించుకోండి, సౌండ్ ఎక్కడికో పోతుంది" అని ఒక్క ముక్కలో అనేసి చేతులు దులుపుకున్నాను. (క్యాబ్ అంటే స్పీకర్ల పెట్టె, హెడ్ అంటే దానికి పవర్ ఇచ్చే ఆంప్.) ఆ ముక్క పట్టుకుని మీలో కొందరు చేసిన పనులు చదివాక టెన్షన్ నాకు పట్టుకుంది. చర్చిలో వాయించే కుర్రాడొకడు "మాస్టారూ, మూడు పాటల దాకా బ్రహ్మాండంగా మోగింది. నాలుగో పాటలో హెడ్ నోరు మూసుకుంది. పది నిమిషాలాగి ఆన్ చేస్తే మళ్లీ పలికింది" అని రాశాడు. ఇంకొకాయన రెండో క్యాబ్‌కి గిటార్ వైరే వాడారట, పట్టుకుంటే వెచ్చగా ఉందట. మరొకరైతే లెక్క కూడా వేసి పంపారు: "ఒక్కో క్యాబ్ 4 ఓమ్స్, రెండూ కలిపి 8. హెడ్ మీద 4 కంటే తగ్గకూడదని ఉంది. 8 అంటే ఇంకా సేఫే కదా?"

గొడవంతా ఆ కూడికలోనే ఉంది (ఓమ్స్ అంటే కరెంటుకి క్యాబ్ పెట్టే అడ్డు). తప్పు నాదే, విడమరచి చెప్పలేదు. ఈసారి విసుగొచ్చేదాకా చెప్తాను.

హెడ్ నుంచి ఒక వైర్ మొదటి క్యాబ్‌కి వెళ్తుంది. ఆ క్యాబ్ వెనకే ఇంకో రంధ్రం ఉంటుంది. అందులోంచి మరో వైర్ రెండో క్యాబ్‌కి. చూడ్డానికి రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. అందుకే సీరీస్ అనుకుంటారు. కాదు. ఆ రెండు రంధ్రాలూ లోపల ఒకే చోట కలిసి ఉంటాయి. కరెంటు మొదటి స్పీకర్‌ని దాటుకుని రెండో రంధ్రానికి రాదు, నేరుగానే వస్తుంది. వైర్లు ఎలా వేలాడుతున్నా సరే, రెండు క్యాబ్‌లూ పారలల్‌లోనే ఉన్నాయి.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో ఎక్స్‌టెన్షన్ బాక్సు చూడండి. ఒక బాక్సులో ఇంకో బాక్సు గుచ్చి, ఆ రెండోదాంట్లో టేబుల్ ఫ్యాన్ పెట్టాం. వెనక బాక్సులో ఉంది కదా అని ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుందా? దానికీ అదే 230 వోల్టులు. అది పారలల్. సీరీస్ అంటే పాతకాలం సీరియల్ బల్బుల తోరణం: ఒక్క బల్బు మాడితే వరసంతా చీకటి. మీ మొదటి క్యాబ్‌లో స్పీకర్ తీగ తెగిపోయినా రెండో క్యాబ్ మోగుతూనే ఉంటుంది.

పారలల్‌లో ఓమ్స్ పెరగవు, తగ్గుతాయి. పదో తరగతిలో సమాంతర సంధానం అని బట్టీ పట్టింది ఇదే, అప్పుడు మార్కుల కోసం, ఇప్పుడు హెడ్ కోసం. ఒకే రకం క్యాబ్‌లైతే ఓమ్స్‌ని క్యాబ్‌ల లెక్కతో భాగించండి. 8వి రెండు కలిపితే 4. 4వి రెండు కలిపితే 2. 8వి మూడు పెడితే 2.67. వేర్వేరు క్యాబ్‌లు రెండైతే గుణించి, ఆ వచ్చినదాన్ని కూడికతో భాగించండి. 8, 4 కలిపారనుకోండి: 32ని 12తో భాగిస్తే 2.67. 4 కంటే తగ్గకూడదన్న హెడ్‌కి ఇది చాలా తక్కువ. పైగా పవర్ సమంగా పంచుకోవు. 4 ఓమ్స్ క్యాబ్ రెండు వంతులు లాక్కుంటుంది, 8 ఓమ్స్‌ది ఒక వంతుతో సరిపెట్టుకుంటుంది. చిన్న క్యాబే 4 ఓమ్స్‌ది అయితే దాని గతి ఏమిటో ఆలోచించండి.

ఇదే లెక్క పెట్టె లోపల కూడా నడుస్తుంది. 1969లో వచ్చిన 300 వాట్ల ఆంపెగ్ ఎస్‌వీటీ హెడ్ పేరు వినే ఉంటారు. దాని జోడీగా చెప్పుకునే ఫ్రిజ్ అంత పెట్టెలో 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది. ఒక్కోటి 32 ఓమ్స్. ఎనిమిదీ పారలల్. 32ని 8తో భాగిస్తే 4. అందుకే ఆ పెట్టె వెనక 4 అని ఉంటుంది. కూడితే 256 వచ్చేది!

కాంబో (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో) ఉన్నవాళ్లు మర్చిపోయే సంగతి ఒకటి. లోపలున్న స్పీకర్ కూడా లెక్కలోకి వస్తుంది. లోపలిది 8 ఓమ్స్, ఆంప్ మినిమమ్ 4 అయితే బయట ఇంకో 8 తగిలించవచ్చు. లోపలిదే 4 అయితే ఆ ఆంప్‌కి బయట క్యాబ్ యోగం లేనట్టే.

ఓమ్స్ తగ్గితే హెడ్‌కి ఏమవుతుంది? అడ్డు తగ్గింది కాబట్టి కరెంటు ఎక్కువ పారుతుంది. ట్రాన్సిస్టర్లు వేడెక్కుతాయి. హెడ్ మంచిదైతే తనంతట తాను ఆగిపోతుంది. మన చర్చి కుర్రాడికి జరిగింది ఇదే. పాతదైతే, చవకదైతే కాలిపోతుంది. "బానే మోగుతోంది కదా" అనే మాటతోనే నాకు చిరాకు. మొదటి పాటలో ఎప్పుడూ బానే మోగుతుంది. వేడెక్కడానికి టైమ్ పడుతుంది అంతే. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో తిరిగే రోజుల్లో నేనూ ఈ గోతిలో పడ్డవాణ్ణే. షాపతను "సీరీస్‌లో పెట్టుకోండి అన్నా, ఏం కాదు" అని రెండు 4 ఓమ్స్ క్యాబ్‌లు అంటగట్టాడు. మూడో పెళ్లిలో, భోజనాలు మొదలయ్యే వేళకి, స్టేజి మీద కాలిన వాసన. వంటశాల నుంచేమో అనుకుని ఇంకో పాట వాయించేశాం.

ట్యూబ్ హెడ్ (ట్రాన్సిస్టర్లకి బదులు వాక్యూమ్ ట్యూబులతో నడిచేది) సంగతి వేరు. దాంట్లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి వెనకున్న సెలెక్టర్‌ని మొత్తం ఓమ్స్‌కి సరిపెట్టాలి. క్యాబ్ తగిలించకుండా ఆన్ చేసి వాయించకూడదు. మీలో ట్యూబ్ హెడ్ మోసేవాళ్లు ఒకరిద్దరికి మించి ఉండరు, వదిలేద్దాం.

ఇప్పుడు కొనడం. నా నియమం ఒకటే: మొదటి క్యాబ్ 8 ఓమ్స్‌ది కొనండి. 4 ఓమ్స్‌ది కొంటే మామూలు హెడ్ ఇవ్వగలిగిన పవరంతా మొదటిరోజే వస్తుంది నిజమే, కానీ రెండో క్యాబ్‌కి తలుపు మూసుకుపోతుంది. 500 వాట్లు అని రాసిన హెడ్ ఆ 500 ఇచ్చేది 4 ఓమ్స్ దగ్గర. ఒక్క 8 ఓమ్స్ క్యాబ్‌తో 250, 300 మధ్య ఎక్కడో ఉంటుంది. బాధపడకండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్లు పవర్ కావాలి. అదే హెడ్‌కి అలాంటిదే రెండో 8 ఓమ్స్ క్యాబ్ ఆనించి పెడితే పవర్ దాదాపు రెట్టింపవుతుంది, గాలిని నెట్టే స్పీకర్లూ రెట్టింపవుతాయి. బేస్ మీద లావు తీగ మీటినప్పుడు రెండూ కలిసి 6 డెసిబెల్స్ దాకా వస్తుంది. అందుకే పెద్ద హెడ్ కొంటాను అనేవాళ్లని క్యాబ్ వైపు తిప్పుతుంటాను. 10 అంగుళాలా, 12 అంగుళాలా అని అడక్కండి. నాకు 12 పిచ్చి. కారణం చెప్పమంటే చెప్పలేను. ట్వీటర్ (కీచు సౌండ్లు పలికే చిన్న స్పీకర్) అయితే కొన్నరోజే ఆపేస్తాను.

వాట్లు చదివేటప్పుడు ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్) అంకె ఒక్కటే చూడండి. పీక్, పీఎంపీఓ అనే క్షణకాలపు పెద్ద అంకెలు మన ఊళ్లలో హోమ్ థియేటర్ డబ్బాల మీద చూసి నవ్వుకోవడానికి పనికొస్తాయి.

అమెరికా నుంచి బావ తెచ్చిన హెడ్ గురించి ఇద్దరు అడిగారు. వెనక అతికించిన ప్లేటు చదవండి. 100–240 వోల్టులు అని ఉంటే పిన్ను మారిస్తే చాలు. 120 అని మాత్రమే ఉంటే ఇక్కడి ప్లగ్గులో పెట్టిన క్షణమే కథ ముగుస్తుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది కూడా ఆంప్ లాక్కునే పవర్ కంటే బాగా పెద్దది. ఇంకో మాట, ఎయిర్‌పోర్టులో దొరికే అడాప్టర్లలో చాలావాటికి ఎర్త్ ఉండదు. ఎర్త్ లేని ఆంప్‌కి తగిలించిన బేస్ చేతిలో పట్టుకుని మైకుకి పెదాలు ఆనించకండి. హమ్ (గుయ్‌మనే మోత) వస్తోందని మూడో పిన్ను విరిచేసేవాళ్లతో నాకు మాటల్లేవు. హమ్‌కి డీఐ బాక్సు (బేస్‌ని మిక్సర్‌కి కలిపే డబ్బా) మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంది, దానితో చూసుకోండి.

వైర్ సంగతి రెండు ముక్కల్లో. గిటార్ వైర్‌లో మధ్యన సన్నటి తీగ, చుట్టూ జల్లెడలాంటి షీల్డ్ ఉంటుంది. స్పీకర్‌కి పోయే కరెంటు దానివల్ల కాదు. స్పీకర్ వైర్‌లో రెండూ లావు తీగలే. క్యాబ్‌కి స్పీకాన్ సాకెట్ (తిప్పి బిగించే గుండ్రటిది) ఉంటే అదే వాడండి, గుచ్చి, క్లిక్ అని వినపడేదాకా కుడివైపు తిప్పండి. తిప్పకుండా "సౌండ్ వచ్చిపోతోంది" అని రాసినవాళ్లు ముగ్గురు.

అభ్యాసం. కొన్ని వందల్లో వచ్చే మల్టీమీటర్ ఒకటి కొనండి. హెడ్ నుంచి క్యాబ్ వైర్ పీకేసి, ఆ వైర్ చివర ఓమ్స్ చూడండి. 8 అని రాసిన క్యాబ్ 8 చూపించదు, 6కి అటూఇటూ చూపిస్తుంది. 4ది అయితే 3 పైచిలుకు. మీటర్ కొలిచేది డీసీ నిరోధం, ప్లేటు మీద ఉండేది వేరే లెక్క. కంగారుపడకండి. తర్వాత మీ చర్చిలో, కాలేజీలో, తెలిసిన ఆర్కెస్ట్రాలో కనీసం ఐదు క్యాబ్‌లూ రెండు హెడ్‌లూ వెతికి, వెనక గుర్రపు నాడాలాంటి ఓమ్స్ గుర్తు (Ω) పక్కనున్న అంకె కాగితం మీద రాసుకోండి. ఏ రెండు క్యాబ్‌లు కలిపితే ఏ హెడ్‌కి ప్రమాదమో, ఏ క్యాబ్‌కి ఎన్ని వాట్లు చేరతాయో మొత్తం జతలన్నిటికీ లెక్కగట్టండి. ఎక్కువే చెప్పాను, తెలుసు. రెండు ఆదివారాలు పడుతుంది.

ఈలోగా ఇది చేయండి: 16 ఓమ్స్‌వి రెండు, 8 ఓమ్స్‌ది ఒకటి, మూడూ ఒకే హెడ్‌కి తగిలించారు. హెడ్ మినిమమ్ 4. తగిలించవచ్చా? మొత్తం పవర్‌లో సగం ఏ క్యాబ్‌కి పోతుంది?