వేల ఫొటోలను భద్రపరచడం ఎలా? మౌస్ ఎంతవరకు, కమాండ్ ఎక్కడి నుంచి

రెండు ఎక్స్‌టర్నల్ డ్రైవులు తీసుకోండి. ఫ్యాట్‌32 ఫార్మాట్ వద్దు, 4 జీబీకి మించిన వీడియో అందులో పట్టదు. జిప్ కూడా వద్దు. జేపెగ్ ఫొటోలు ముందే కుదించి ఉంటాయి కాబట్టి చోటేమీ కలిసిరాదు.

ముందు ఏరివేత. దీనికి డిజీక్యామ్ లాంటి గ్రాఫికల్ టూలే, అంటే ఫొటోలను చూస్తూ మౌస్‌తో నడిపేదే కావాలి. కళ్లు మూసుకున్న ఫొటో ఏదో కమాండ్ చెప్పలేదు. ట్యాగులు, రేటింగులు కూడా ఇప్పుడే ఇచ్చేయండి. మౌస్ పని అంతటితో సరి. ఇక్కడి నుంచి టెర్మినల్‌లో టైప్ చేసే కమాండ్లే.

ఇక అసలు కష్టమైన మెట్టు: వేలిముద్రల జాబితా. చాలామంది దీన్ని వదిలేస్తారు, లేదా కాపీ అయ్యాక చేస్తారు. రెండూ తప్పే. నా పాత డ్రైవులో ఒక ఫొటో పై సగం చక్కగా ఉండి, కింది సగం బూడిదరంగు పట్టీగా మిగిలింది. పేరు, సైజు, తేదీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అలాంటి చెడును పట్టేది షా256సమ్ లాంటి కమాండే. అది ప్రతి ఫైలుకూ 64 అక్షరాల గుర్తు ఇస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ గుర్తు మారిపోతుంది.

ఫొటోల ఫోల్డర్ లోపలికి వెళ్లాకే దాన్ని నడపండి. బయటి నుంచి పూర్తి దారి ఇచ్చి నడిపితే జాబితాలో ఆ దారే పడుతుంది. అప్పుడు మీరు కాపీని పరీక్షిస్తున్నానని అనుకుంటూ మళ్లీ అసలునే పరీక్షిస్తారు. ఉప ఫోల్డర్లలోకి అది తనంతట తాను వెళ్లదు, ఫైళ్లను వెతికిపెట్టే ఫైండ్ కమాండ్‌తో కలిపి నడపాలి. జాబితా ఫైలును ఫోల్డర్ బయట రాయించండి. లోపలే రాయిస్తే, రాస్తుండగానే దాని గుర్తు కూడా నమోదై, తర్వాత తప్పు చూపిస్తుంది. జాబితా తయారయ్యాక ఏ ఫొటోకూ ట్యాగు మార్చకండి. చాలా టూల్స్ దాన్ని ఫైలులోనే రాస్తాయి, గుర్తు మారిపోతుంది.

కాపీకి ఆర్‌సింక్ అనే కమాండ్. లాగి వదిలే పద్ధతిలో మధ్యలో కేబుల్ కదిలితే ఎన్ని వెళ్లాయో తేల్చుకోవడం నరకం. ఆర్‌సింక్‌ను మళ్లీ నడిపితే మిగిలినవే తీసుకుంటుంది. అసలు ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెడితే లోపలివి వెళ్తాయి, లేకపోతే ఫోల్డరే వెళ్తుంది. అందుకే ముందు డ్రై రన్ చేయండి, అంటే ఏమీ కాపీ చేయకుండా ఏం జరుగుతుందో చూపించే ఉత్తుత్తి పరుగు. డిలీట్ ఆప్షన్ మాత్రం ముట్టుకోవద్దు. అసలులో పొరపాటున చెరిపింది కాపీలోనూ చెరిగిపోతుంది.

ఇప్పుడు ఒక్కో డ్రైవులో, ఫొటోల ఫోల్డర్ లోపలి నుంచి జాబితాతో సరిచూడండి. రెండింట్లో ఒక్క తప్పూ రానంతవరకు మెమరీ కార్డును ఖాళీ చేయకండి.