వాన నీరు కుంటలో దిగకముందే కడగండి: మా కాలనీ పార్కులో చేసిన పద్ధతి

ఆ ఏడాది మృగశిర కార్తెలో మొదటి గట్టి వాన రాత్రి పడింది. తెల్లారి ఐదున్నరకు పార్కుకు వెళ్లేసరికి కుంటలో చేపలన్నీ పైకొచ్చి, నోళ్లు తెరుచుకుని గాలి మింగుతున్నాయి. ఏడు కొట్టేసరికి గట్టు పొడవునా తెల్లటి కడుపులు తేలాయి. ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పినదాన్ని. నీటిలో ఆక్సిజన్ తగ్గితే ఏమవుతుందో బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. కళ్లెదుట చూడటం మాత్రం అదే మొదలు.

మాది హైదరాబాద్‌లో తూర్పు వైపు కాలనీ. ఎకరంన్నర పార్కు, మధ్యలో చిన్న కుంట. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, పేడ, కుక్కల మలం, బండ్ల నూనె, టైర్ల అరుగుదల ఆ ఒక్క వానకు కొట్టుకొచ్చి కుంటలో పడ్డాయి. ఆ కుళ్లును తినే సూక్ష్మజీవులు రాత్రికి రాత్రి నీటిలోని ఆక్సిజన్‌ను వాడేసుకున్నాయి. అప్పటికే కుంటంతా పచ్చగా పాచి. పగలు ఆక్సిజన్ ఇచ్చే పాచి రాత్రిపూట తానూ దాన్నే పీలుస్తుంది. అందుకే చేపలు చచ్చేది తెల్లవారుజామునే.

పటిక వేద్దామని ఒకరు, బ్లీచింగ్ చల్లుదామని ఇంకొకరు, ఫౌంటెన్ పెట్టిద్దామని మరొకరు అన్నారు. ఫౌంటెన్ కొంత గాలి కలుపుతుంది, కాదనను. కానీ ప్రతి వానకూ కొత్త మురికి దిగుతూనే ఉంటే లోపల ఎంత కడిగినా ఏం లాభం? నీళ్లు కుంటకు చేరే దారిలోనే, మట్టితో, వేళ్లతో, గడ్డితో శుభ్రం కావాలి. అందుకే ఆ దారిలో గుంతలు తవ్వి, ఇసుకమట్టి నింపి మొక్కలు నాటాలి. వీటినే వాన తోటలంటారు. మూడేళ్లుగా మేం చేస్తున్నది ఇదే. మీ పార్కులో మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని వరసగా చెబుతాను.

ముందు గొడుగు పట్టుకుని వానలో నిలబడండి

కాగితం మీద ప్లాను గీయకముందే చేయాల్సిన పని ఇది. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో ఎండలో నిలబడి ఎవరూ చెప్పలేరు. నేనూ, పార్కు మాలీ ఒక సాయంత్రం వానలో పిడికెడు మరమరాలు రోడ్డు పై చివర వేసి, వాటి వెంట నడిచాం. తెల్లగా తేలుతూ పోతాయి కాబట్టి బాగా కనిపిస్తాయి. నేను పెద్ద గేటు పక్కనున్న పల్లం వైపు పోతాయనుకున్నాను. "మేడమ్, మనం అనుకున్న తావుల పోతలేవు, చిన్న గేటు కాడికెల్లి మలుగుతున్నయి సూడుండ్రి" అన్నాడు మాలి. స్పీడ్ బ్రేకర్ తగిలి నీళ్లు అడ్డంగా తిరిగిపోతున్నాయి. అది చూడకపోతే గుంత తప్పు చోట తవ్వేవాళ్లం.

అలా చూస్తే కుంటలోకి నీళ్లు దిగే నోళ్లు మూడు తేలాయి. చిన్న గేటు దగ్గరిది, ఉత్తరం మూలది, వాకింగ్ ట్రాక్ వైపు నుంచి వచ్చే వాన కాలువ పైపు.

ఈ మూడోదాని గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. వారం రోజులు చుక్క వాన లేకపోయినా పైపు నుంచి నీళ్లు కారుతుంటే అది వాన నీరు కాదు, ఎవరిదో బాత్రూమో వంటిల్లో దానికి కలిసింది. మురుగును వాన తోటలు శుద్ధి చేయలేవు. దాని సంగతి తేల్చకుండా మొక్కలు నాటితే డబ్బు, శ్రమ రెండూ పోతాయి. మా దగ్గర ఒక అపార్ట్‌మెంట్ నుంచి వస్తోంది. వాళ్లతో మాట్లాడి, ఆ లైను మ్యాన్‌హోల్‌లోకి మళ్లించేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ మేం ఒక్క మొక్క నాటలేదు.

నేల తాగుతుందో లేదో

ఒక అడుగు లోతు, ఒక అడుగు వెడల్పు గుంత తవ్వి నీళ్లు నింపి ఇంకనివ్వండి. మళ్లీ నింపి, పక్కన స్కేలు గుచ్చి, గంటకు ఎంత దిగిందో చూడండి. అంగుళం దిగితే మంచి నేల. అర అంగుళం కూడా దిగకపోతే, వడకట్టిన నీళ్లను కుంటలోకి పంపే చిల్లుల పైపు అడుగున వేయాల్సిందే. హైదరాబాద్‌లో చాలాచోట్ల ఎర్రమట్టి, కింద మొరం, దాని కింద రాయి. మధ్యమధ్యలో రేగడి నేల తగులుతుంది. రేగడి తడిస్తే ఉబ్బి మూసుకుపోతుంది, నీళ్లను పట్టుకుంటుంది తప్ప కిందికి వదలదు. మా పార్కులో ఇరవై గజాల తేడాలో రెండూ ఉన్నాయి. కాబట్టి ఒక్క గుంతతో సరిపెట్టకండి.

వాన తోట ఎంత, ఎలా

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఈ ఒక్క లెక్క తెలిస్తే చాలు. చిన్న గేటు నోటికి వచ్చే రోడ్డు 100 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, అంటే 600 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వానకు 12,000 లీటర్లు. పదో వంతు రోడ్డు మీదే పోతుందనుకుంటే 10,800. మేం తవ్వింది 40 చదరపు మీటర్లు. పైన 15 సెంటీమీటర్లు నీళ్లు నిలిస్తే 6,000 లీటర్లు. కింద 60 సెంటీమీటర్ల ఇసుకమట్టి, అందులో ఐదో వంతు ఖాళీ అనుకుంటే 4,800. రెండూ కలిపితే సరిగ్గా 10,800. మురికి చాలావరకు మోసుకొచ్చేది వాన మొదటి భాగమే కాబట్టి ఈ కొలత చాలు. అంతకు మించి పడితే బయటికి పోవడానికి చెరువుకున్నట్టే రాళ్లతో ఒక అలుగు కట్టాం.

అడుగున 20 సెంటీమీటర్లు 20 ఎం.ఎం. కంకర, అందులో నాలుగంగుళాల చిల్లుల పైపు. దాని మీద 10 సెంటీమీటర్లు సన్న రాతి చిప్స్. ఆపైన ఇసుకమట్టి. కంకరకూ మట్టికీ మధ్య గుడ్డ పరవమని కొందరు చెబుతారు. వద్దు, రెండు మూడు వానాకాలాలకే సన్న బురదతో అది మూసుకుపోతుంది. సన్న చిప్స్ ఆ పని చక్కగా చేస్తాయి. ఇసుకకు బదులు రోబో సాండ్ (రాయిని పొడిచేసిన ఇసుక) వాడితే బకెట్‌లో వేసి కలిపి చూడండి. నీళ్లు పాలలా మారితే అందులో రాతి పొడి ఎక్కువుందన్నమాట, కడగకుండా వేయవద్దు.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. మొక్కలు ఏపుగా రావాలని మొదటి ఏడాది మూడు ట్రాలీల పశువుల ఎరువు కలిపించాను. తొలి వానకు అడుగు పైపు నుంచి టీ డికాక్షన్ రంగు నీళ్లు కారాయి. పది రోజుల్లో కుంటలో పాచి మునుపటికంటే చిక్కగా అల్లుకుంది. పాచికి మేత అయిన నత్రజని, ఫాస్ఫరస్ ఆపడానికి కట్టిన తోటే వాటిని కుంటలోకి పంపింది. మర్నాటి నుంచే మట్టి ఎత్తించాను. ఇప్పుడు ఏడు పాళ్లు ఇసుక, రెండున్నర పాళ్లు ఎర్రమట్టి, అర పాలు బాగా మాగిన ఆకు ఎరువు. మొక్కలు మొదట్లో పేలవంగా కనిపిస్తాయి. కంగారుపడి ఎరువు వేయవద్దు. రోడ్డు నీళ్లే వాటికి మేత.

నీళ్లు లోపలికి రావడానికి రోడ్డు అంచున కర్బు రాయి ఒకటి తీసేస్తాం కదా, అక్కడ తోట మట్టం రోడ్డుకంటే కనీసం మూడంగుళాలు కిందుండాలి. సమానంగా ఉంటే నెల తిరక్కుండా బురద, గడ్డి పేరుకుని గట్టులా లేస్తుంది, నీళ్లు తోటను తప్పించుకుని ముందుకు పోతాయి. ఆ నోటి దగ్గరే సిమెంటు పలకతో రెండడుగుల చిన్న గుంత చేయండి. ఇసుక, గుట్కా ప్యాకెట్లు, ఆకులు అందులోనే ఆగుతాయి, పారతో ఎత్తిపోయడం తేలిక.

నిలిచిన నీళ్లు ఒక రోజులో ఇంకిపోవాలి. దోమ గుడ్డు నుంచి బయటికి ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది, కాబట్టి దోమల భయం ఉండదు. రెండు రోజులు దాటినా నీళ్లుంటే పైన రెండంగుళాల మట్టి మూసుకుపోయిందని అర్థం. గీకి తీసేయండి.

ఏ మొక్కలు

ఒక రోజు మునగాలి, ఎనిమిది నెలలు ఎండాలి. రెండూ తట్టుకునేవే ఇక్కడ బతుకుతాయి. వట్టివేరుకు సాటి లేదు. పైన రెండు మూడడుగుల గడ్డే కనిపిస్తుంది, లోపల వేళ్లు నిలువుగా రెండు మూడు మీటర్లు దిగుతాయి. ఆ వేళ్ల చుట్టూ ఉండే సూక్ష్మజీవులే నూనెనూ కుళ్లునూ అసలు తినేది. వేళ్లు దిగిన కొద్దీ నేలలో నీళ్లకు దారులు పడతాయి. పల్లంలో తుంగ, మెట్టతామర. అంచున నిమ్మగడ్డి, వావిలి. గట్టు మీద గరిక చాలు. పుదీనా, కొత్తిమీర వేస్తామని ఆడవాళ్లు అడిగారు. వద్దని బతిమాలాను. రోడ్డు నీటిలో టైర్ల జింకు, బ్రేకుల రాగి వస్తాయి, అవి ఆ మట్టిలోనే ఉండిపోతాయి.

నాటడం మృగశిర తర్వాత, తవ్వకం మాత్రం ఫాల్గుణ, చైత్రాల్లోనే ముగించాలి. తడి నేలలో జేసీబీ తిప్పితే నేల గట్టిపడి నీళ్లు దిగవు.

ట్రాక్ వైపు తవ్వడానికి చోటు లేదు, అందుకని సిమెంటు కాలువను తీసేసి గడ్డి కాలువ చేశాం. వాలు నూటికి ఒకటి రెండు ఉంటే చాలు. పక్కలు వాలుగా ఉండాలి, గడ్డి నాలుగు నుంచి ఆరు అంగుళాలు. ప్రతి ఐదారు మీటర్లకు నీటికి అడ్డంగా వట్టివేరు వరస, మొక్కకూ మొక్కకూ జానెడుకంటే తక్కువ. నీళ్లు ఆ గడ్డి దగ్గర ఆగి, మట్టి దింపుకుని, మెల్లగా దాటుతాయి. ఫాస్ఫరస్ చాలావరకు మట్టిరేణువులకు అంటుకునే వస్తుంది కాబట్టి మట్టి ఆగితే అదీ ఆగినట్టే.

నీటి మీద తేలే మడి

కుంట నీటి మీదే తెప్పలాంటి చట్రంలో మొక్కలు పెంచితే, కింద వేలాడే వేళ్లు నీటిలోని పోషకాలను పీల్చుకుంటాయి. ఇది చివరి పని. మొదట చేయకండి. మన ఊళ్లోనే నెక్నాంపూర్ చెరువులో 2018 ఫిబ్రవరి 2న, చిత్తడి నేలల దినోత్సవం నాడు, దాదాపు 3,000 చదరపు అడుగుల తేలే మడిని నీటిలో దించారు. ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ), మరికొందరు కలిసి చేసిన పని. వెదురు, గోనెసంచులు, గులకరాళ్ల మీద వట్టివేరు, మెట్టతామర, జమ్ము లాంటివి పెంచారు. నాకు ధైర్యం ఇచ్చింది అదే.

మాది చాలా చిన్నది. నాలుగంగుళాల పీవీసీ పైపులకు ఎల్బోలు పెట్టి, సొల్యూషన్‌తో గాలి చొరకుండా అతికించి, 2 మీటర్లు, 1.5 మీటర్ల చట్రం చేశాం. కింద నైలాన్ వల, మీద కొబ్బరి పీచు, అందులో వట్టివేరు, మెట్టతామర పిలకలు. యాభై కిలోల దాకా మోస్తుంది, మనిషి ఎక్కకూడదు. థర్మకోల్ వాడలేదు, ఎండకు పొడిపొడి అయి చేపల కడుపుల్లోకి పోతుందని. గాలికి గట్టుకు కొట్టుకోకుండా రెండు వైపులా తాళ్లకు రాళ్లు కట్టి నీటిలో వదిలాం.

మూడు నెలలకు ఒక మడిని పైకి లేపి చూశాను. వల కింద అడుగున్నర పొడవున వేళ్లు జడలా వేలాడుతున్నాయి. వాటి మీద గోధుమరంగు జిగురు పూత, అందులో చిన్న నత్తలు, తూనీగ పిల్లలు. చేత్తో పట్టుకుంటే జారిపోయింది. ఆ జిగురే సూక్ష్మజీవుల ఊరు. చాలాసేపు అలాగే పట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

మొక్కలు పీల్చుకున్న పోషకాలు ఆకుల్లోనే ఉంటాయి. ఆకులు అక్కడే ఎండి నీటిలో పడితే అంతా మళ్లీ కుంటలోకే. ఏడాదికి రెండుసార్లు కోసి, పార్కుకు అవతల కంపోస్టు గుంతలో వేయాలి. గుర్రపుడెక్క కూడా నీటిని శుభ్రం చేస్తుందని దాన్ని మాత్రం పెంచకండి. రెండు వారాల్లోనే రెట్టింపవుతూ, కుంటను కప్పేసి, లోపల చీకటి చేసి, కుళ్లిపోతుంది.

బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, బంతి పూలు బుట్టల కొద్దీ నీటిలో కలుస్తాయి. పండుగను ఆపమని ఎవరూ అనరు, అనకూడదు. గట్టు దగ్గర వల కట్టిన చిన్న రేవు చేశాం. ఆడి, పాడి, అక్కడే సాగనంపుతాం. మర్నాడు పొద్దున్నే నేనూ మరో ఇద్దరు ఆడవాళ్లూ ఆ పూలను ఎత్తి కంపోస్టుకు మోస్తాం. గణపతులు మాత్రం నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) కట్టిన నిమజ్జన కొలనుకే.

బాగుపడిందో లేదో ఎలా తెలుస్తుంది

తెల్లటి స్టీలు పళ్లేనికి తాడు కట్టి, తాడు మీద జానకొక ముడి వేసుకోండి. మధ్యాహ్నం పన్నెండుకు నీటిలోకి దించుతూ, పళ్లెం ఎన్నో ముడి దగ్గర కనబడకుండా పోతుందో రాసుకోండి. మా దగ్గర మొదట ఒక ముడి కూడా దిగేది కాదు. ఇప్పుడు మంచి రోజున మూడు దాటుతుంది. ఆక్సిజన్‌కు అక్వేరియం దుకాణాల్లో చుక్కల మందు కిట్ దొరుకుతుంది. సూర్యోదయానికి ముందే చూడాలి, పగలు చూస్తే పాచి చలవతో అంకె ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. చేపలకూ పక్షులకూ పనికొచ్చే నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ప్రతి పెద్ద వాన మర్నాడూ చూసి నోటుబుక్కులో రాస్తున్నాం. పోయిన ఏడాది మృగశిర వాన మర్నాడు మాకు 4.5 వచ్చింది, చేప ఒక్కటీ తేలలేదు.

ఉత్తరం మూల నోరు ఇంకా మిగిలే ఉంది. అక్కడంతా రేగడి, గంటకు పావు అంగుళం కూడా దిగలేదు, పైపు లేకుండా కుదరదు. నిన్న సాయంత్రం మాలి ముగ్గు పిండితో హద్దులు పోశాడు, 30 చదరపు మీటర్లు. వేప చెట్టు వేరు ఒకటి అడ్డం వస్తోంది. దాన్ని కొట్టకుండా గుంతనే కాస్త పక్కకు జరిపించాలి.