నేలమాళిగలో గోంగూర – 3వ పాఠం: సిరామిక్ దీపం, దాని చోకు

కిందటి పాఠంలో ఇచ్చిన పగటి నిడివి లెక్క చేసినవారికి ఈపాటికి సంగతి అర్థమై ఉంటుంది. డిసెంబరు 21న హైదరాబాదులో పగలు సుమారు 11 గంటలు, షికాగోలో 9 గంటలు. షికాగో సూర్యుడు ఆ నెలలో కిటికీలోంచి తొంగిచూసి, మంచినీళ్లు కూడా అడగకుండా వెళ్లిపోయే చుట్టం. కరివేపాకు చెట్టు ఆకు రాల్చి మోడై నిలబడుతుంది. గోంగూర నాలుగాకులు వేసి మొగ్గ తొడుగుతుంది. అందుకే దీపం కావాలి. ఈ పాఠంలో సిరామిక్ మెటల్ హేలైడ్ దీపాన్ని తీసుకుందాం.

ముందే ఒక మాట. మీరు కొత్తగా అన్నీ కొంటున్నట్లయితే మంచి ఎల్ఈడీ కొనండి. ఒక జౌలు కరెంటుకు ఎల్ఈడీ 2.5 మైక్రోమోల్‌లకు (మొక్క వాడుకునే వెలుగు కణాల లెక్క ఇది) పైగా వెలుగు ఇస్తుంటే, ఈ దీపం 1.8 దగ్గర ఆగుతుంది. మరి ఈ పాఠం ఎందుకు? ఎల్ఈడీలకు మారినవాళ్లు తమ సిరామిక్ దీపాలను సగం ధరకూ పావు ధరకూ అమ్మేస్తున్నారు. పైగా చలికాలపు నేలమాళిగలో ఈ దీపపు వేడి వృథా కాదు. 315 వాట్ల దీపం, దానికి కరెంటును అదుపు చేసి ఇచ్చే చోకుతో కలిపి దాదాపు 340 వాట్లు తీసుకుంటుంది. అదంతా చివరకు వేడిగానే మారి గదిలో ఉండిపోతుంది. షికాగోలో అది కుండీలకు కుంపటి. ఇదే దీపాన్ని మే నెలలో హైదరాబాదు మేడ మీద గదిలో పెడితే ఏసీకి చాకిరీ. అక్కడి పాఠకులు ఈ పాఠం చదివి ఊరుకోవచ్చు, కొనవద్దు.

పేరులోని సిరామిక్ ఎక్కడుంది? బయటి గాజులోపల చిటికెన వేలంత చిన్న గొట్టం ఉంటుంది. లోహ లవణాలు ఆవిరై వెలిగేది అందులోనే. పాత మెటల్ హేలైడ్ దీపాల్లో ఆ గొట్టం క్వార్ట్‌జ్‌తో చేసేవారు. ఆ వేడికి సోడియం కొద్దికొద్దిగా క్వార్ట్‌జ్ గోడలోంచి జారిపోతుంది, దాంతో రోజులు గడిచేకొద్దీ రంగు మారిపోతుంది. అల్యూమినాతో చేసిన గొట్టం సోడియాన్ని అలా పోనివ్వదు, ఇంకా ఎక్కువ వేడికి తట్టుకుంటుంది. ఎల్ఈడీలు రాకముందు మన రోడ్ల మీద పసుపుపచ్చగా వెలిగిన సోడియం దీపాల గొట్టం కూడా ఈ పదార్థమే. 1990లలో ఈ సిరామిక్ దీపాలు ముందుగా వెళ్లింది దుకాణాల అద్దాల వెనక్కి, చీరల రంగు చీరల రంగులాగే కనిపించాలని. మొక్కల పెంపకందార్లు వీటిని పట్టుకున్నది ఆ తర్వాత.

ఇక ఎంపిక. పెట్టె మీద 930 అనో 942 అనో ఉంటుంది. మొదటి 9 రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సూచిక 90 పైన ఉందని చెబుతుంది. తర్వాతి రెండంకెలు వెలుగు ఛాయ. 30 అంటే 3,000 కెల్విన్ దరిదాపు, సంధ్యవేళ ఛాయ. 42 అంటే 4,200 కెల్విన్, నీలం పాలు ఎక్కువ. నీలం ఎక్కువైతే మొక్క పొట్టిగా, గుబురుగా పెరుగుతుంది. ఆకుకూరలకూ నారుకూ 942 బాగుంటుంది. కరివేపాకు, మిరప వంటివాటికి 930 చాలు. రెండూ కలిపి పెంచేవారు ఏదో ఒకటి తీసుకోండి, తేడా కోసం నిద్ర మానుకోవలసినంత లేదు.

నిద్ర మానుకోవలసింది చోకు విషయంలో. బల్లాస్ట్ అని పెట్టె మీద రాస్తారు, మన ఎలక్ట్రీషియన్ భాషలో చోకు. నేను మొదటిసారి దీపం ఒకరి దగ్గర, చోకు మరొకరి దగ్గర కొన్నాను. రెండింటి మీదా 315 అనే ఉంది కదా అని ధీమా. వెలిగించగానే లోపలి వెలుగు పాములా మెలికలు తిరిగింది. ఆ చోకు సెకనుకు వేలసార్లు కరెంటు దిశ మార్చే రకమని తర్వాత తెలిసింది. వేణువులో గాలి మోగినట్టే, ఆ వేగానికి చిన్న గొట్టంలోని ఆవిరి కంపిస్తుంది. కంపనం ముదిరితే గొట్టం పగలవచ్చు. 315 వాట్ల సిరామిక్ దీపానికి కావలసింది తక్కువ వేగపు చదరపు అల (స్క్వేర్ వేవ్) ఇచ్చే ఎలక్ట్రానిక్ చోకు, అంటే దిశ మార్చడం సెకనుకు కొన్ని వందల సార్లకు మించనిది. పాత ఇనుప చోకుల కోసమే తయారైన సిరామిక్ దీపాలు వేరే ఉన్నాయి. వాటినీ వీటినీ కలపకూడదు. పాతది కొనేటప్పుడు దీపం, చోకు, హోల్డరు మూడూ ఒకరి దగ్గరే, వెలిగించి చూపించమని అడిగి తీసుకోండి. హోల్డరు పీజీజెడ్ఎక్స్18 (PGZX18) రకమో కాదో చూడండి.

బిగించేటప్పుడు ప్లగ్గు తీసి ఉండాలి. దీపాన్ని వట్టి వేళ్లతో పట్టుకోకండి, వేలి జిడ్డు గాజు మీద కాలి మచ్చవుతుంది. అంటితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. తెరిచి ఉన్న రిఫ్లెక్టరులో వాడవచ్చో, గాజు మూత తప్పనిసరో దీపం పెట్టె మీద చూసుకోండి. ఈ దీపంలోంచి కొంత అతినీలలోహిత కిరణాలు వస్తాయి కాబట్టి, దాని కింద పని చేసేటప్పుడు వాటిని ఆపే కళ్లద్దాలు పెట్టుకోండి. బయటి గాజు పగిలినా లోపలి గొట్టం వెలుగుతూనే ఉండవచ్చు. అప్పుడు కళ్లకూ చర్మానికీ నిజంగా ప్రమాదం, చూడటానికి వెళ్లకుండా గోడ దగ్గరే స్విచ్చి ఆపండి.

కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా దీపం వెంటనే వెలగదు. వేడి గొట్టం చల్లారడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. పాడైందనుకుని స్విచ్చి టకటకలాడించేవారిని చూశాను. చేతులు కట్టుకుని కూర్చోవడమే వైద్యం.

ఎత్తు: మొక్కల కొనల నుంచి రెండడుగుల పైన మొదలుపెట్టి, వారం తర్వాత ఆకు చూసి అంగుళం అంగుళం దించండి. అరచేతిని కొన దగ్గర అర నిమిషం పెడితే మీకు చురుక్కుమన్నంత వేడి మొక్కకూ ఎక్కువే. వెలుగు కొలవడానికి చవక లక్స్ మీటరు చాలు. ఈ దీపానికి లక్స్‌ను సుమారు 60తో భాగిస్తే చదరపు మీటరుకు సెకనుకు పడే మైక్రోమోల్‌లు వస్తాయి. మీటరు 18,000 చూపిస్తే 300 అన్నమాట. 300ను 14 గంటల పాటు ఇస్తే రోజుకు 15 మోల్‌లు (పది లక్షల మైక్రోమోల్‌లు ఒక మోల్), ఆకుకూరకు కడుపు నిండినట్టే. కరెంటు ఖర్చు కూడా ఇప్పుడే లెక్కేయండి: 340 వాట్లు, 14 గంటలు, 30 రోజులు. దాదాపు 143 యూనిట్లు.

ఆ 14 గంటలను నేను ఊరికే ఎంచుకోలేదు. గోంగూర పగలు తగ్గితే పూసే జాతి. మన చేలల్లో అది శరదృతువులో పూతకు వచ్చేది అందుకే. మొగ్గ తొడిగాక కొత్త ఆకు తగ్గిపోతుంది. కరెంటు బిల్లు చూసి జాలిపడి టైమరును 11 గంటలకు తిప్పారా, మీ పచ్చడి పూలకుండీ అయిపోతుంది. కరివేపాకుకు ఆ పట్టింపు లేదు, వెచ్చదనం ఉంటే చాలు.

దీపం మొదట వెలిగించిన తేదీని చోకు మీద రాసి పెట్టండి. వయసుతో వెలుగు తగ్గుతుంది, కంటికి మాత్రం తెలియదు. మీటరు రీడింగును ఆ తేదీ పక్కనే రాస్తే ఎప్పుడు మార్చాలో అదే చెబుతుంది. పాత దీపంలో కొద్దిగా పాదరసం ఉంటుంది, చెత్తబుట్టలో వేయకుండా ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి.

ఇంటిపని: దీపం కింద నేల మీద మూడడుగుల చతురస్రం గీసి, నాలుగు మూలల్లోనూ మధ్యలోనూ లక్స్ కొలిచి పట్టిక రాయండి. మూలల్లో అంకె ఎంత పడిపోతుందో చూసి కొందరు దీపాన్ని తిట్టుకుంటారు. వచ్చే పాఠంలో రిఫ్లెక్టరు, తెల్ల గోడలతో ఆ మూలల సంగతి చూద్దాం.